కారు కమానులకు ఇంటియొద్ద మరమ్మతు



నేను ముప్పదియేండ్లకు పైగా ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొనినవాడను. సంధులు, సమాసములు, ఛందస్సు నా వృత్తి. అట్టివాడు కారు క్రింద దూరి కమానులకు బుష్షులు మార్చుటనుగూర్చి మీతో ముచ్చటింప వచ్చుట వింతగా తోచవచ్చును. మా యింటావిడకును మొదట వింతగనే తోచినది. “మీకు అక్షరాల సంధులు తెలుసును గాని, ఇనుప సంధులు ఏమి తెలుసునండీ?” అని ఆమె యడిగినది. ఆమె ప్రశ్నలో న్యాయము కలదు. తెలియకయే మొదలుపెట్టితిని. తెలియకపోవుటవలన రెండు తప్పులు చేసితిని. వానిలో నొకటి ప్రాణములమీదికి వచ్చినది. ఆ రెండు తప్పులను దాపరికము లేక చెప్పుటయే నేటి నా ప్రసంగమునకు ముఖ్యోద్దేశము. పల్లెలలో నేడు కార్లు, ట్రాక్టర్లు, ట్రాలీలు పెరిగినవి. ఇంటి ముంగిట జాకీ పెట్టి బండి యెత్తని వీధి లేదు. కనుక నా యనుభవము మీలో నొక్కరికైన అక్కరకు రావచ్చునని తలంచుచున్నాను.

నాయొద్దనున్నది పాత అంబాసిడరు. ఇంగ్లండునందలి మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి బండిని మాతృకగా గైకొని, కలకత్తా దాపుననున్న ఉత్తరపాడలో హిందుస్థాన్ మోటార్సువారు దానిని చేసిరి. 1957 ప్రాంతమున మొదలైన ఆ నిర్మాణము 2014లో నిలిచిపోయినది. ఇంచుమించుగా అరువదియేండ్లు ఒక్క రూపముతోనే ఈ దేశపు త్రోవలను త్రొక్కిన బండి మరియొకటి యరుదు. నేను 2003లో దానిని ఒకరి చేతినుండి కొంటిని. అప్పటికే అది కొంత యీడు చెల్లినది. మాది గోదావరి కాలువగట్టు మీది పల్లె. ఆ దినములలో మా వీధికి నాలుగు చక్రముల బండి అదియొక్కటే. కావున అర్ధరాత్రి యెవరికి జబ్బుచేసినను మా తలుపే తట్టెడివారు.

2018 వర్షకాలమున నొక రాత్రి అట్లే తలుపు తట్టిరి. పొరుగింటి వృద్ధురాలికి గుండెలో నొప్పి. 108 బండి మరియొక యూరికి పోయియున్నదనిరి. ఆమెను, ఆమె కొడుకును, కోడలిని వెనుక కూర్చుండబెట్టుకొని పట్టణమునకు బయలుదేరితిని. గట్టు మలుపునందు గేదె యొకటి అడ్డువచ్చినది. నేను బ్రేకు త్రొక్కితిని. బండి ముందుభాగము నా మాట వినినది. వెనుకభాగము మాత్రము తనకేమియు సంబంధము లేనట్లు కాలువవైపు జరిగినది. వెనుక చక్రము గట్టు అంచుదాక పోయి నిలిచినది. వర్షమున దీపముల వెలుతురుకు క్రింద కాలువనీరు కనబడినది. మేము నీటిలో పడలేదు. అది నా నేర్పు కాదు. వృద్ధురాలిని వేళకు ఆసుపత్రికి చేర్చితిమి. ఆమె బ్రతికినది. ఇంటికి వచ్చి పరుండితినే గాని నాకు నిద్ర రాలేదు. చక్రములు నునుపుగా లేవు. బ్రేకులు మూడు మాసముల క్రిందటనే చూపించితిని. మరి బండి తోక యేల కదలినది?

తెల్లవారినతోడనే గడ్డపార తెచ్చి వెనుక కమాను చివరనున్న సంకెలక్రింద పెట్టి మెల్లగా ఎత్తి చూచితిని. బుష్షులు సరిగానున్నచో ఆ సంకెల బిగువుగా నుండవలయును. నా బండిలో నది వదులైన పంటివలె నటునిటు నాడినది. లోపలి రబ్బరు పొడియై రాలుచున్నది. రహస్యము బయటపడినది.

రబ్బరు ముక్క యరిగిన మాత్రమున బండి కాలువవైపు ఏల పోవలయునో తెలియుటకు కమాను చేయు పనిని కొంచెము విప్పి చెప్పవలయును. మన రెండెద్దుల బండికి కమానులు లేవు. ఇరుసుమీద నేరుగా బండి మొల కూర్చుండును. చక్రము గుంటలో పడినచో ఆ దెబ్బ మన వెన్నెముకకే తగులును. జట్కాబండి యెక్కినవారికి ఆ భేదము జ్ఞాపకముండును. జట్కాకు కమానులు కలవు. కమాను అను మాట పారసీక భాషనుండి మనకు వచ్చినది. దానికి విల్లు అని యర్థము. పేరు చక్కగా కుదిరినది. వంచిన ఉక్కుపట్టీలను ఒకదానిక్రింద నొకటి పేర్చి కట్టగా గట్టినదే కమాను. బరువు పడగా వంపు తగ్గును; బరువు తీయగా మరల వంపు వచ్చును. వేయు బరువునుబట్టి సాగుడు ఉండునని రాబర్టు హుక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1678లో ప్రకటించెను. కమానుల విద్యకంతటికిని ఆ యొక్క సూత్రమే మూలము.

పైనుండు పట్టీ అన్నిటికంటె పొడవైనది. దానిని మెయిన్ పట్టీ యందురు. దాని రెండు కొనలను చుట్టి కన్నులుగా చేయుదురు. దానిక్రింద క్రమముగా పొట్టి పట్టీలు వచ్చును. విల్లు వంగునప్పుడు నడుముననే యెక్కువ శ్రమ కలుగును గనుక అక్కడ పట్టీలు ఎక్కువ. కొనలయందు శ్రమ తక్కువ గనుక అక్కడ పట్టీలు తక్కువ. ఈ పట్టీలన్నిటిని నడుమ నొక సెంటర్ బోల్టు పట్టియుంచును. ఆ నడుమునే యు-బోల్టులతో ఇరుసునకు బిగింతురు. ముందుకన్ను బండి యడుగున నొకచోట స్థిరముగా నుండును. వెనుకకన్ను మాత్రము సంకెలకు వ్రేలాడును. దానిని మెకానిక్కులు షాకిల్ అందురు. ఆ సంకెల యేల? విల్లు సాగి తిన్ననైనప్పుడు దాని పొడవు పెరుగును గదా. రెండు కొనలను మేకులతో బిగించినచో విల్లు వంగజాలదు. కనుక ఒక కొన కదలుటకు త్రోవ యీయవలయును.

ఇక ముఖ్యమైన మాట. అంబాసిడరువంటి బండిలో వెనుక కమాను బరువును మోయు బోయి మాత్రమే కాదు. ఇరుసు ముందునకుగాని వెనుకకుగాని ప్రక్కకుగాని జరుగకుండ పట్టియుంచునదియు అదియే. ఇంజను త్రిప్పిన చక్రము బండిని ముందునకు త్రోయునప్పుడు ఆ త్రోపు కమాను ముందుకన్ను ద్వారముననే బండికి చేరును. బ్రేకు త్రొక్కినప్పుడు పట్టుకొనునదియు ఆ కన్నే. ఆ కన్నులలోని రబ్బరు బుష్షులరిగి సందు కలిగినచో ఇరుసు ఒక ప్రక్క ముందునకును, మరియొక ప్రక్క వెనుకకును జరుగును. అనగా వెనుక చక్రములు తమంత తామే త్రోవ త్రిప్పుకొనునన్నమాట. మన చేతిలోనున్న స్టీరింగు ముందు చక్రములకే గదా. ఆ రాత్రి గట్టుమీద జరిగినది సరిగా ఇదియే.

బుష్షులు రబ్బరువి యేల యనవచ్చును. పచ్చి రబ్బరు వేడికి జిగురై, చలికి పెళుసైపోవును. గంధకముతో కలిపి కాచి దానిని గట్టిపరచు పద్ధతికి అమెరికాలోని చార్లెస్ గుడ్యియరు 1844లో హక్కుపత్రము పొందెను. అటుపిమ్మటనే రబ్బరు యంత్రములకు పనికివచ్చినది. కమానుకంటిలో రబ్బరు బుష్షు జారుచు తిరుగదు. వెలుపలి యంచు కంటిని, లోపలి యంచు పిన్నును బిగియ పట్టుకొనియుండగా, నడుమ రబ్బరు తనలో తాను మెలిపడి మరల విడివడుచుండును. ఈ మాటను దయతో గుర్తుంచుకొనుడు. నా రెండవ తప్పు దీనిని మరచుటవలననే కలిగినది.

కమానుకు తోడుగా షాకబ్జారు అను గొట్టము కలదు. కమాను ఊగుట మొదలిడినచో ఊయలవలె ఊగుచునేయుండును. పట్టీలు ఒకదానితో నొకటి రాచుకొనుటవలన ఆ యూపు కొంత తగ్గునుగాని అది చాలదు. షాకబ్జారులో నూనెయుండును. గొట్టము సాగునప్పుడును ముడుచుకొనునప్పుడును ఆ నూనె సన్నని రంధ్రములగుండ దూరి పోవలయును. ఊపులోని బలము ఆ నూనెను వేడిచేయుటకే ఖర్చయి పోవును. బండి మూలను చేతులతో బలముగా నదిమి విడువుడు. పైకి లేచి, ఒక్కమారు సర్దుకొని నిలిచినచో షాకబ్జారు బాగున్నది. రెండు మూడుమార్లు ఊగినచో దాని పని తీరినది. గొట్టము వెలుపల నూనెతడి కనబడినను అంతే.

బుష్షులు, షాకబ్జార్లు, యు-బోల్టులు పట్టణమునుండి తెప్పించితిని. పాత బండ్ల పని తెలిసిన మేస్త్రీలు మా ప్రాంతమున కొద్దిమంది మిగిలిరి. వారికి తీరిక లేదు. నాకు తీరిక యున్నది. బండితోపాటు వచ్చిన మరమ్మతు పుస్తకమున్నది. ఇక నేమి, నేనే చేయుదునని నడుము బిగించితిని.

మొదటి తప్పు ఇచ్చటనే జరిగినది. మా ముంగిలి వీధివైపు రవంత వాలుగా నుండును. గేరు వేసితిని. హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగితిని. వెనుక ఇరుసు నడుమ జాకీ పెట్టి రెండు చక్రములను ఎత్తి, వానిని విప్పితిని. ఇక బండి కదలదని నా ధైర్యము. నా కూతురి కొడుకు, అప్పటికి పదేండ్లవాడు, దీపము పట్టుకొని బండిక్రింద పరుండియుండెను. వాని అమ్మమ్మ అట్లు తినుటకు పిలిచినది. వాడు దీపము అక్కడనే విడిచి ఇవతలకు వచ్చెను. నేను ప్రక్కన కూర్చుండి తుప్పుపట్టిన నట్టుకు పానా తగిలించి బలముగా లాగితిని. బండి కదలినది. జాకీ ఒరిగి పోయినది. వేయి కిలోలకు పైబడిన బండి వెనుకభాగము దభాలున నేలకూలెను. బ్రేకు డ్రమ్ము బెత్తెడులోతు నేలలో దిగినది. దీపము నుగ్గునుగ్గయినది. పిల్లవాడు చేతిలో అట్టుముక్కతో గడపలో నిలిచి చూచుచుండెను. ఇంటావిడ ఒక్క మాటయు ననలేదు. ఆమె ఆనాడు ఏమైన ననియుండినచో నాకు మేలుగా నుండెడిది.

పదిదినములు నేను బండి దాపునకు పోలేదు. పిమ్మట పట్టణమునుండి ముసలి మేస్త్రి యొకడు మరియొక పనిమీద మా యూరికి వచ్చెను. నా కథ యంతయు వినెను. “గేరు వేసితిని, చేతిబ్రేకు లాగితిని, అయినను ఏల కదలినది మేస్త్రీ?” అని యడిగితిని. అతడు నవ్వలేదు. “పంతులుగారూ, మీ బండికి చేతిబ్రేకు ఏ చక్రాలకండీ?” అని యడిగెను. “వెనుక వానికి” అంటిని. “గేరు ఏ చక్రాలను పట్టుకుంటుందండీ?” “వెనుక వానినే.” “ఆ వెనుక చక్రాలు రెండూ మీరు గాలిలోకి లేపేశారు గదండీ. ఇంక నేలను పట్టుకున్న చక్రం ఏదండీ?” అనెను.

ముప్పదియేండ్లు పిల్లలను ప్రశ్నించి నేర్పినవాడను. మూడు ప్రశ్నలతో ఇంత సంపూర్ణముగా నేర్చిన పాఠము నాకు మరియొకటి లేదు. వెనుక చక్రములు నేలను విడిచినప్పుడు గేరును హ్యాండ్‌బ్రేకును ఉన్నను లేనట్లే. వెనుక ఒక్క చక్రము నెత్తినను ఇంజను పట్టు చాలదు. ఇరుసునడుమనున్న డిఫరెన్షియలు రెండు చక్రములను వేరువేరుగా తిరుగనిచ్చును గనుక, గాలిలోని చక్రము తిరుగుచుండగా నేలమీది చక్రము కదలిపోగలదు. అప్పుడు బండిని నిలుపునది ముందు చక్రములకు ముందును వెనుకను పెట్టిన చెక్క అడ్డులు మాత్రమే. నేను వానిని పెట్టలేదు.

కావున బండి యెత్తువారు ఈ క్రమమును పాటించవలయును. మొదట గట్టి నేలను, సమమైన నేలను ఎన్నుకొనవలయును. వానకు నానిన నేల పనికిరాదు. నేలమీదనుండు చక్రములకు రెండువైపుల అడ్డులు పెట్టవలయును. చక్రపు నట్టులను బండి నేలమీద నున్నప్పుడే కొంచెము వదులుచేయవలయును. గాలిలో లాగినచో బండి కదలును. తరువాత జాకీతో నెత్తి, ఆ బరువును ఇనుప స్టాండ్లపైకి దింపవలయును. జాకీ ఎత్తుటకేగాని మోయుటకు కాదు. ఇటుకలను, బోలు సిమెంటు దిమ్మలను ఎన్నడును పెట్టరాదు. అవి పైకి గట్టిగా కనబడి, ఒక్కసారిగా పగిలిపోవును. స్టాండ్లు లేనివారు పెద్ద కొయ్యమొద్దులను అడ్డముగా నిలువుగా పేర్చుకొనవచ్చును. పిమ్మట విప్పిన చక్రమును బండిక్రిందికి దొర్లించి పరుండబెట్టుడు. బండి కూలినను ఆ చక్రముమీద పడి, మనిషి పట్టునంత సందు మిగులును. చివరకు ప్రక్కనుండి బండిని త్రోసి చూడుడు. మనము క్రింద లేనప్పుడు పడినచో నష్టము ఇనుమునకే.

ఇక మరమ్మతు. ముందటి రాత్రియే నట్టులపై కిరసనాయిలు పోసి నాననిచ్చితిని. తీగె బ్రష్షుతో మన్ను, తుప్పు గీకితిని. ఒకేమారు రెండు ప్రక్కలను విప్పలేదు. ఒక ప్రక్క విప్పినప్పుడు రెండవ ప్రక్క మనకు పుస్తకమువలె నుపయోగపడును. ఏ వాషరు ఎటువైపు నుండెనో సందేహము కలిగినచో అటుపోయి చూచుకొనవచ్చును. బండి మేను స్టాండ్లమీద నుండగా, ఇరుసుక్రింద వేరొక జాకీ పెట్టి, దానిని కొద్దికొద్దిగా దింపి కమానుపై బరువు లేకుండ చేసితిని. ఇచ్చట నొక జాగ్రత్త. షాకబ్జారు విప్పిన తరువాత ఇరుసు నింకను దింపినచో బ్రేకునూనె గొట్టము సాగి తెగవచ్చును. ఆ రబ్బరు గొట్టమును కన్నులతో చూచుచునే దింపవలయును.

సంకెల నట్టులు విప్పి, పలక తీసి, పిన్నులను మెల్లగా వెలికి కొట్టితిని. రబ్బరు బుష్షులు రెండేసి సగములుగా నుండును. కంటికి ఇటునుండి ఒకటి, అటునుండి ఒకటి దూర్చవలయును. పాత రబ్బరు చేతిలోనే చితికినది. పిన్నులు నడుమ సన్నగిల్లియున్నవి. వానిని కూడ మార్చితిని. అరిగిన పిన్నుమీద క్రొత్త బుష్షు నిలువదు. కొన్ని బండ్ల కన్నులలో ఉక్కుతొడుగుగల బుష్షు ఉండును. దానిని సుత్తితో కొట్టరాదు. పొడవైన బోల్టు, దళసరి వాషర్లు, తగిన గొట్టపుముక్క కూర్చి, నట్టు త్రిప్పుచు పోయినచో పాతది ఒకవైపునకు వచ్చును. క్రొత్తది అదే తీరున లోనికి పోవును. క్రొత్త రబ్బరు జారుటకు నేను సబ్బునీరు పూసితిని. ఇంజను నూనెగాని గ్రీజుగాని పూయరాదు. రబ్బరు దానివలన ఉబ్బి మెత్తబడి చెడును.

పట్టీలను ఒక్కొక్కటిగా పరీక్షింపుడు. పగులు సాధారణముగా సెంటర్ బోల్టు రంధ్రముకడనుగాని, పొట్టిపట్టీ కొన పైపట్టీని తాకుచోటగాని కనబడును. పగిలిన పట్టీని వెల్డింగుతో అతికింపవచ్చునా యని మా యూరి యువకుడు నన్నడిగెను. కూడదు. కొడవలికి పదను పెట్టు కమ్మరికి ఈ మాట తెలియును. ఉక్కు బలమంతయు దాని పదనులో నున్నది. వెల్డింగు వేడికి ఆ పదను పోవును. అతికినచోట పట్టీ గట్టిగా కనబడును. బరువుతో మలుపు తిరుగునప్పుడు విరుగును. పగిలినదానిని తీసి క్రొత్తది వేయుటయే ధర్మము.

షాకబ్జార్లను ఎప్పుడును జతగా మార్చవలయును. ఒక ప్రక్క క్రొత్తది, మరియొక ప్రక్క పాతది యున్నచో బండి ఒకే గుంటకు రెండు తీరుల జవాబు చెప్పును. దుకాణములో పరుండియున్న క్రొత్త గొట్టములో గాలి నూనెతో కలిసియుండవచ్చును. దానిని నిలువుగా పట్టుకొని నాలుగైదుమార్లు సాగదీసి అదిమినచో గాలి వెడలిపోవును. తరువాత బిగింపుడు. యు-బోల్టుల నట్టులను ఒకేమారు పూర్తిగా బిగింపక, మూలమూలకు మార్చుచు కొద్దికొద్దిగా బిగింపుడు. సెంటర్ బోల్టు తల ఇరుసుమీది గుంటలో సరిగా కూర్చుండెనా యని ముందుగా చూడుడు. అది తప్పినచో ఇరుసు వంకరగా నిలుచును.

నా రెండవ తప్పు ఇప్పుడు చెప్పెదను. అన్నియు అమర్చిన యానందమున, బండి ఇంకను స్టాండ్లమీదనే యుండగా, కమానులు వ్రేలాడుచుండగా, సంకెల నట్టులను నా బలము కొలది బిగించితిని. బండి హాయిగా నడచినది. గట్టు మలుపులలో తోక కదలలేదు. నా పాండిత్యమునకు నేనే మెచ్చుకొంటిని. 2019 వేసవి వచ్చుసరికి మరల టకటక మొదలైనది. గడ్డపార పెట్టి చూడగా క్రొత్త రబ్బరులు చీలియున్నవి. దుకాణమువాడు నాసిరకము అంటగట్టెనని మనసులో వానిని తిట్టుకొంటిని. అది అన్యాయము. పుస్తకము మరల తెరచి చూచితిని. బండి బరువు చక్రములపై పడిన పిమ్మటనే తుదిబిగింపు చేయవలయునని అందొక్క వాక్యము కలదు. నేను దానిని చదివితిని, చదివి దాటిపోతిని.

కారణము మీరే యూహింపగలరు. రబ్బరు బుష్షు జారదు, మెలిపడునని ముందు చెప్పితిని. కమాను వ్రేలాడుచుండగా బిగించినచో రబ్బరునకు ఆ వ్రేలాడు స్థితియే విశ్రాంతి స్థితి యగును. బండి నేలకు దిగి కమాను సాగినప్పుడు రబ్బరు మెలిపడును. అటుపై రాత్రింబవళ్లు, బండి కొట్టములో నిలిచియున్నప్పుడు సైతము, ఆ మెలిక విడువదు. గుంటలో పడినప్పుడెల్ల ఆ మెలికపై మరియొక మెలిక. అట్టి శ్రమకు అది ఎన్నాళ్లు ఆగును? కాబట్టి అన్ని నట్టులను ముందుగా చేతిబిగువు మాత్రము ఉంచి, బండిని చక్రములపై దింపి, వెనుకభాగమును నాలుగుమార్లు అదిమి ఊగించి, అది తన చోటు చూచుకొనిన తరువాత పూర్తిగా బిగింపవలయును. ఆ మారు అట్లే చేసితిని. నేటివరకు ఆ బుష్షులు చెక్కు చెదరలేదు. సూత్రములో ఒక్క పదము విడిచిన విద్యార్థిని నేను ఎన్నిమార్లు నిలువబెట్టితినో! నన్ను నిలువబెట్టుటకు ఒక రబ్బరు ముక్క కావలసివచ్చినది.

పని ముగిసిన పిమ్మట మొదట వీధిలో మెల్లగా నడిపి, బ్రేకు వేసి చూడుడు. నూరు కిలోమీటర్లు తిరిగిన తరువాత యు-బోల్టులను, చక్రపు నట్టులను మరల బిగించి చూడుడు. క్రొత్త భాగములు సర్దుకొనునప్పుడు కొంత వదులగుట సహజము.

ఇంటియొద్ద చేయదగని పనులును కలవు. అంబాసిడరు ముందుభాగమున కమానులు లేవు. అక్కడ పొడవైన ఉక్కుకడ్డీలు మెలిపడుట చేతనే బరువును మోయును. ఆ మెలికలో దాగిన బలము మనిషి చేతిని విరువగలదు. నేటి చిన్న కార్ల ముందుభాగమున చుట్టలు చుట్టిన స్ప్రింగు షాకబ్జారుతో కలిసి అదిమిపెట్టబడి యుండును. తగిన బిగింపు పనిముట్టు లేక పైనట్టు విప్పినచో అది తుపాకిగుండువలె ఎగయును. స్టీరింగు సంధులు, చక్రముల సూటి సరిచూచుట కూడ పనిముట్లున్న మేస్త్రీలకు విడువవలసినవే. తనకు తెలిసిన మేర యెక్కడ ముగియునో తెలిసికొనుటయు విద్యలో నొక భాగమే.

పెద్దలారా, మీలో అనేకులు స్వయముగా పానా పట్టకపోవచ్చును. అయినను అరుగుమీద కూర్చుండి చూచువారు మీరే. కుర్రవాడెవడైన బండి యెత్తి దానిక్రింద దూరబోవుచున్నప్పుడు మూడు ప్రశ్నలు అడుగుడు. నేలమీదనున్న చక్రములకు అడ్డులున్నవా? బరువు జాకీమీద నున్నదా, స్టాండుమీద నున్నదా? ఎత్తిన చక్రములు గాక, బండిని పట్టియుంచునది ఏది? వానికి విసుగు రావచ్చును. రానిండు. జవాబు వచ్చువరకు వానిని క్రిందికి పోనీయవలదు.

నా మనుమడు ఇప్పుడు కళాశాలలో చదువుచున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు బండిపనిలో నాకు తోడ్పడును. నేను జాకీ తెచ్చులోపలనే చెక్క అడ్డులు రెండును చక్రములకు పెట్టి, కాలితో తన్ని చూచి, “పెట్టాను తాతయ్యా” అనును. వాని అమ్మమ్మ గడపలోనుండి చూచి లోపలికి పోవును.